ఎర్రమట్టి దిబ్బల ఇసుక మీద డిగ్రీ ప్రాజెక్టు: అనుభవం ఉన్నవాళ్లు దారి చూపండి

అందరికీ నమస్కారం. బీఎస్సీ జియాలజీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. విశాఖ, భీమిలి మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బల ఇసుకను గాలి తెచ్చి పోసిందా, నీరు తెచ్చిందా? రేణువుల సైజును బట్టి ఎంతవరకు చెప్పగలమో చూడాలన్నదే నా ప్రాజెక్టు. చిన్నప్పటి నుంచి ఆ ఎరుపంటే నాకు ప్రాణం.

చిక్కు జల్లెడ దగ్గరే వచ్చింది. ఐరన్ ఆక్సైడ్ పూత, బంకమట్టి కలిసి సన్న రేణువుల్ని ఉండలుగా పట్టి ఉంచుతున్నాయి. పొడిగా జల్లిస్తే ఆ ఉండలే ముతక ఇసుకలా పై జల్లెడలో ఆగిపోతున్నాయి. ఒకే శాంపిల్‌ని రెండుసార్లు జల్లిస్తే రెండు రకాల లెక్క వచ్చింది! ఉండల్ని విడగొట్టే రసాయనం సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌లో రాత్రంతా నానబెట్టి, ఇసుకను సన్న మట్టి నుంచి వేరు చేసే 63 మైక్రాన్ల జల్లెడ మీద కడిగితే సరిపోతుందా? ఐరన్ పూత పోవడానికి పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ కూడా వాడాలా? తర్వాత గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాలు లెక్కపెట్టాలి. యాసిడ్‌తో కొన్ని ఖనిజాలు దెబ్బతింటాయేమోనని భయం. శాంపిల్‌ని ముందే రెండు భాగాలు (ఒకటి సైజుకి, ఒకటి ఖనిజాలకి) చేసుకోవడం మంచిదంటారా?

ఇంకో మాట. దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం కదా, లోపల గుప్పెడు మట్టి కూడా ముట్టలేదు, ముట్టను కూడా. హద్దు బయట ఒక ఇంటి పునాది గోతిలోంచి, ఇంటివాళ్లని అడిగి తెచ్చుకున్నాను. అది అసలు పొరేనా, వానకి కొట్టుకొచ్చి చేరిన మట్టా అన్నది ఎలా గుర్తుపట్టాలి? లోపల శాంపిల్ తీయడానికి అనుమతి తెచ్చుకున్నవాళ్లుంటే, ఎవరికి దరఖాస్తు పెట్టారో, ఎన్నాళ్లు పట్టిందో చెప్పండి. మార్చిలో రిపోర్టు ఇవ్వాలి.