సమస్య: కత్తి పట్టనివాఁడె సంగ్రామజేత

నిర్వాహకుడు, నల్లగొండ:
ఈ ఆదివారం తేటగీతి. పైది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) క–గ్రా. గాంధీగారి మీద అందరూ రాస్తారు, ఈసారికి ఆయన్ని వదిలెయ్యండి.

పాలమూరు పంతులు:
పార్థు రథమును నడుపుచుఁ బల్కె గీత
పగ్గములు దప్ప వేఱొండు పట్టలేదు
పోరు పదునెన్మిది దినముల్ పూర్తి కాఁగఁ
గత్తి పట్టనివాఁడె సంగ్రామజేత

దేవరకొండ అక్క:
ధార బాగుంది పంతులుగారూ. మరి భీష్ముడి మీదికి చక్రం పట్టుకొని దూకిందెవరు?

పాలమూరు పంతులు:
చక్రం కత్తి కాదు కదమ్మా! సరే, రెండో పాదం మళ్లీ చూస్తా.

మిర్యాలగూడ తమ్ముడు:
నాది వీడియో గేమ్ పూరణ, తిట్టకండి.

వేణువూదెడి బాలుండు వెనుక నిలిచి
అలసి యాగిన రౌతుకు నాట నిచ్చు
రెండు దెబ్బలకు శత్రువు రిచ్చపడఁగఁ
గత్తి పట్టనివాఁడె సంగ్రామజేత

2003లో వచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ అనే గేమ్‌లో నిల్స్ అని పిల్లగాడు ఉంటాడు. ఏ ఆయుధమూ పట్టలేడు, ఒక్క దెబ్బకే పడిపోయేలా ఉంటాడు. కొట్టలేనోడు ఎందుకని నేనూ మొదట్లో పక్కన కూర్చోబెట్టిన. కానీ ఆట (అంటే కదిలి కొట్టే వంతు) అయిపోయినవాడి పక్క గడిలో నిలబడి వేణువు ఊదితే వాడికి మళ్లీ ఆట వస్తుంది. మన రౌతు ముందుకెళ్లి ఒకణ్ణి కొడతాడు. అక్కడే ఆగితే శత్రువులందరూ మీద పడతారు. వీడు ఊదగానే ఇంకొకణ్ణి కొట్టొచ్చు, లేదా వెనక్కి వచ్చేయొచ్చు. ఊదిన ప్రతిసారీ వీడికి 10 పాయింట్లు, 100 అయితే ఒక లెవెల్. ఎవర్నీ చంపకుండానే ఎదుగుతాడు. ఒకటే జాగ్రత్త: బలహీనుడి కోసం ఊదితే దండగ, మీ దగ్గరున్న మొనగాడి పక్కనే ఉంచాలి.

దేవరకొండ అక్క:
భావం కొత్తగా ఉంది తమ్ముడూ. గణం (గురులఘువుల గుంపు) మాత్రం తప్పింది. "దెబ్బలకు" అంటే ఒక గురువు, మూడు లఘువులు. అక్కడ రావాల్సిన ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. "కు" తీసెయ్, "దెబ్బల" భగణం (ఒక గురువు, రెండు లఘువులు) అవుతుంది, అది ఇంద్రగణమే. "నిలిచి" తర్వాత "అలసి" అని అచ్చు పెట్టకు, "యలసి" అను. యకారానికి అకారంతో మైత్రి ఉంది, యతికి ఢోకా లేదు.

పాలమూరు పంతులు:
పక్క గడి అన్నావు, పద్యంలో వెనుక అన్నావు. ఏది నిజం?

మిర్యాలగూడ తమ్ముడు:
వెనక గడి కూడా పక్క గడే కద సార్! "పక్క" అంటే "వే"తో యతి చెడుతుంది. అక్క చెప్పిన రెండూ దిద్దిన:

వేణువూదెడి బాలుండు వెనుక నిలిచి
యలసి యాగిన రౌతుకు నాట నిచ్చు
రెండు దెబ్బల శత్రువు రిచ్చపడఁగఁ
గత్తి పట్టనివాఁడె సంగ్రామజేత

భువనగిరి నేతన్న:
మా పోచంపల్లి మీద ఒకటి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పేదలకు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నది అక్కడే.

భూమి నడిగె వినోబయే పోరు లేక
నూఱెకరములు దానమై నోటిమాటఁ
గలిగె నల్గొండ సీమలోఁ గాంచుఁ డిదియె
కత్తి పట్టనివాఁడె సంగ్రామజేత

మిర్యాలగూడ తమ్ముడు:
పోరు లేక అన్నాక సంగ్రామజేత ఎట్లయితడు అన్నా? అప్పటికి మన జిల్లాల సాయుధ పోరాటం నడుస్తనే ఉండె కద.

భువనగిరి నేతన్న:
నిజమే. "పోరు నడుమ" అంటా. నడుమ, మూడు లఘువులు, అక్కడ రావాల్సిన సూర్యగణమే.

నిర్వాహకుడు, నల్లగొండ:
ఇప్పుడు కుదిరింది. పంతులుగారూ, మీ రెండో పాదం ఇంకా బాకీ.