బహుళ క్రీడల ఇండోర్ స్టేడియం: కప్పు రకాన్ని దేన్ని బట్టి నిర్ణయించాలి?

ప్రశ్న (ఆర్కిటెక్చర్ విద్యార్థిని):
చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం 6,000 మంది కూర్చోగల ఇండోర్ స్టేడియాన్ని రూపొందిస్తున్నాను. అందులో హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడే వీలుండాలి. ఆటలు లేని రోజుల్లో సంగీత కచేరీలకూ సభలకూ అది పనికిరావాలి. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా 80 మీటర్ల మేర కప్పు వేయాలనుకుంటున్నాను. 1989లో టొరంటోలో ప్రారంభమైన, కప్పు తెరుచుకునే స్కైడోమ్ స్టేడియం గురించి చదివాక, మధ్య భాగం తెరుచుకునేలా ఒక గుమ్మటం గీశాను. అయితే దానికి స్పేస్ ఫ్రేమ్ (కడ్డీలను అన్ని దిశల్లోనూ జాలీలా కలిపిన చట్రం) మేలో, కేబుళ్ల కప్పు (బిగుతుగా లాగిన ఉక్కు తాళ్లు మోసే కప్పు) మేలో, ఉక్కు ట్రస్సులు (కడ్డీలను త్రికోణాలుగా బిగించిన పొడవైన దూలాలు) మేలో తేల్చుకోలేకపోతున్నాను. ఇటువంటి కట్టడాల్లో పనిచేసినవారు దేన్ని బట్టి నిర్ణయిస్తారో దయచేసి వివరించగలరు.

జవాబు 1 (స్ట్రక్చరల్ ఇంజనీరు):
కప్పు ఆకారాన్ని ఎంచుకునే ముందు, నేల మీద ఏమేమి జరుగుతాయో, కప్పు నుంచి ఏమేమి వేలాడతాయో రాసుకోండి. ఆ రెండూ తేలితే మీ ప్రశ్న చాలా వరకు దానంతటదే తీరిపోతుంది. మీ జాబితాలో పెద్ద కోర్టు హ్యాండ్‌బాల్‌ది, 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. కాబట్టి నేల కొలతను అదే నిర్ణయిస్తుంది. ఎత్తు విషయంలో మాత్రం వాలీబాల్ మాట చెల్లుతుంది. ఆ ఆట నియమాల ప్రకారం కోర్టు పైన కనీసం 7 మీటర్లు ఖాళీగా ఉండాలి, ప్రపంచ స్థాయి పోటీలకైతే 12.5 మీటర్లు కావాలి. ఈ ఎత్తును ట్రస్ అడుగు వరకు కొలవకూడదు. దీపాలు, ఏసీ డక్టులు, స్పీకర్లు, స్కోరుబోర్డు, వీటిలో ఏది అన్నిటికంటే కిందికి దిగుతుందో దాని వరకే కొలవాలి. ఆ పైన 5 లేదా 6 మీటర్ల లోతున్న ట్రస్ వస్తుంది కనుక మీ భవనం సుమారు 20 మీటర్ల ఎత్తుకు చేరుతుంది.

తెరుచుకునే కప్పు మీకు అక్కరలేదన్నది నా గట్టి అభిప్రాయం. సహజమైన పచ్చికను పెంచే మైదానానికి ఎండ కావాలి గనుక అక్కడ ఆ ఖర్చుకు అర్థముంది. అక్కడ కూడా అదొక్కటే మార్గం కాదు: 2001లో జపాన్‌లో ప్రారంభమైన సపోరో డోమ్ స్టేడియంలో కప్పును కదల్చరు, 8,300 టన్నుల పచ్చిక మైదానాన్నే గాలి ఒత్తిడితో తేలికపరచి చక్రాల మీద బయటికి తీసుకెళ్తారు. మీది చెక్క నేల. దానికి ఎండ అక్కరలేదు, వాన చుక్క పడితే మాత్రం పాడవుతుంది. కదిలే కప్పుకు పట్టాలు, మోటార్లు, నీరు చొరబడని అతుకులు, వాటన్నిటి నిర్వహణ జీవితాంతం మీ భవనాన్ని వెంటాడతాయి.

ఇక వేలాడే బరువులు. కచేరీ అంటే దీపాలు, స్పీకర్లు, తెరలు కలిసి టన్నుల కొద్దీ బరువు. పైగా అది కప్పంతటా సమానంగా పరచుకోదు, వేదిక పైన ఒకే చోట పడుతుంది. కేబుళ్ల కప్పు తేలికైనదే గాని, అటువంటి బరువు ఒక పక్కన పడితే దాని ఆకారమే మారిపోతుంది. పైగా కప్పు ఎంత తేలికైతే, గాలికి దాన్ని పైకి లేపడం అంత సులువవుతుంది. స్పేస్ ఫ్రేమ్ బరువును రెండు దిశల్లోనూ పంచుతుంది, అందువల్ల చతురస్రానికి దగ్గరగా ఉండే హాలుకు బాగా నప్పుతుంది. మీ హాలు పొడవైన దీర్ఘచతురస్రమైతే, పొట్టి దిశలో వేసే ఉక్కు ట్రస్సులే నేను ఎంచుకుంటాను. వాటిలో ఏ కడ్డీ ఎంత బరువు మోస్తుందో స్పష్టంగా తెలుస్తుంది, తరువాత తనిఖీ చేయడమూ తేలిక.

జవాబు 2 (బ్యాడ్మింటన్ పోటీల నిర్వాహకుడు):
పై జవాబులో గాలి, వెలుతురు రాలేదు. ఆటగాళ్లు మొదట ఫిర్యాదు చేసేది ఆ రెండింటి మీదే. షటిల్ బరువు 5.5 గ్రాములకు మించదు. గ్యాలరీలో ప్రేక్షకుల కోసం వదిలిన ఏసీ గాలి కోర్టు మీదికి పాకితే, ఒక వైపు నుంచి కొట్టిన షటిల్ గీత దాటిపోతుంది, అదే దెబ్బ రెండో వైపు నుంచి కొడితే ముందే పడిపోతుంది. అందువల్ల పైనుంచి పెద్ద నాజిళ్లతో గాలిని విసిరే పద్ధతికి బదులు, సీట్ల కింది నుంచి నెమ్మదిగా గాలి వదిలే ఏర్పాటును ఇప్పుడే ఆలోచించండి. గ్యాలరీ మెట్ల కింద దానికి చోటు కావాలి; అది తరువాత దొరకదు.

దీపాలు కోర్టుకు సరిగ్గా పైన ఉండకూడదు, పక్క గీతలకు అవతల వరుసగా ఉండాలి; లేకపోతే తలెత్తిన ఆటగాడికి షటిల్‌కు బదులు దీపమే కనిపిస్తుంది. కోర్టుల వెనుక గోడలు ముదురు రంగులో ఉండాలి, అక్కడ కిటికీలు వద్దు. పగటి వెలుగు కోసం కప్పులో పారదర్శకమైన పలకలు పెట్టాలని మీకు తప్పక అనిపిస్తుంది. 1965లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ప్రారంభమైన ఆస్ట్రోడోమ్ అనే కప్పున్న స్టేడియంలో అదే చేశారు. ఆ మెరుపులో పైకి లేచిన బంతి బేస్‌బాల్ ఆటగాళ్లకు కనిపించలేదు. పలకలకు రంగు వేస్తే కింద పచ్చిక చచ్చిపోయింది. 1966లో కృత్రిమ పచ్చిక పరిచారు. ఒక్క పలక విషయంలో తీసుకున్న నిర్ణయం నేల దాకా వచ్చిందని గమనించండి.

ప్రశ్న అడిగినవారు:
తెరుచుకునే భాగాన్ని తీసేస్తున్నాను. మరొక సందేహం ఉంది. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పే కనుక, ఆ ఆట ఉన్న రోజున ముందుకు జరిగే టెలిస్కోపిక్ సీట్లు పెడదామనుకుంటున్నాను. గ్యాలరీ మెట్టు ఎత్తు 30 సెంటీమీటర్లు సరిపోతుందా?

జవాబు 3 (ఆర్కిటెక్టు):
సరిపోదు, లెక్క వేసి చూడండి. ముందున్న వ్యక్తి కళ్లకు ఎంత పైనుంచి వెనుకవారి చూపు వెళ్తుందో దాన్ని సీ-వాల్యూ అంటారు. అది 90 మిల్లీమీటర్లు ఉంటే మంచిది, 60 కనీసం ఉండాలి. ముందువారి కళ్లు పక్క గీతకు 10 మీటర్ల దూరంలో, నేలకు 3 మీటర్ల ఎత్తులో ఉన్నాయనీ, వరుస లోతు 80 సెంటీమీటర్లనీ అనుకుందాం. మెట్టు 30 సెంటీమీటర్లైతే వచ్చేది 56 మిల్లీమీటర్లే; 35 చేస్తే 102 వస్తుంది. 5 సెంటీమీటర్ల తేడాతో వెనుక వరుసవారు మెడ సాచకుండా దగ్గరి గీతను చూడగలుగుతారు. సీట్లు ముందుకు జరిగితే దూరం తగ్గి పరిస్థితి మారుతుంది కాబట్టి, హ్యాండ్‌బాల్‌కు ఒకసారి, బాస్కెట్‌బాల్‌కు మరొకసారి వరుసవారీగా లెక్క వేయాలి.

బయటికి వెళ్లే దారులు కూడా ఇప్పుడే చూడండి. బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రతకు వాడే గ్రీన్ గైడ్ అనే మార్గదర్శి లెక్కలో మెట్ల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది దిగుతారు. మామూలుగా అందరూ 8 నిమిషాల్లో బయటపడాలంటే మీ 6,000 మందికి మొత్తం 11.4 మీటర్ల వెడల్పు మెట్లు చాలు. అగ్ని ప్రమాదం పొంచి ఉన్న చోట ఆ గడువు రెండున్నర నిమిషాల దాకా తగ్గుతుంది. అప్పుడు 36 మీటర్లకు పైగా కావాలి. ఆ వెడల్పు మీ ప్లాన్‌లో ఇప్పటికి ఉందని నాకు నమ్మకం లేదు.

జవాబు 4 (సైట్ ఇంజనీరు):
ట్రస్సులను పైకి ఎలా ఎక్కిస్తారో కూడా మీ డ్రాయింగుల్లో చూపండి, ఎందుకంటే పని మధ్యలో కట్టడం మీద పడే బలాలు, అది పూర్తయ్యాక పడే బలాలు ఒకటి కావు. గుమ్మటం మీద మీకు ఇంకా మనసుంటే, జపాన్ ఇంజనీరు మమోరు కవగుచి రూపొందించిన పాంటాడోమ్ పద్ధతిని చదవండి. గుమ్మటంలో కొన్ని కడ్డీలను తీసేసి, మిగతా భాగాన్ని కీళ్ల మీద మడిచి నేలకు దగ్గరగానే బిగించి, దీపాలూ డక్టులూ కూడా అక్కడే అమర్చి, తరువాత మొత్తాన్ని పైకి లేపి తీసేసిన కడ్డీలను బిగిస్తారు. బార్సెలోనాలో 1990లో ప్రారంభమైన పలావ్ సంత్ జోర్డీ ఇండోర్ స్టేడియం కప్పును అలాగే లేపారు. మనుషులు ఎత్తులో పనిచేసే గంటలు తగ్గడం దీని గొప్ప లాభమని నేను భావిస్తాను.

నేల మీద బిగించినంత మాత్రాన అంతా క్షేమమనుకోకండి. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఇండోర్ స్టేడియం స్పేస్ ఫ్రేమ్ కప్పును కూడా కిందే బిగించి లేపారు. అది లెక్క కంటే దాదాపు రెట్టింపు కుంగిందని కట్టేటప్పుడే కొలతల్లో తేలినా, ఎవరూ ఆగి కారణం వెదకలేదు. 1978 జనవరి 18న తెల్లవారుజామున మంచు బరువుకు అది కూలింది. కొన్ని గంటల ముందే అక్కడ వేలమంది బాస్కెట్‌బాల్ చూసి వెళ్లారు. పై కడ్డీలు పక్కకు వంగకుండా తగిన ఆధారం లేకపోవడం దానికి ముఖ్య కారణం. అందువల్ల కట్టేటప్పుడు కప్పును మోసే తాత్కాలిక ఆధారపు టవర్లను దించే ప్రతి దశలోనూ ట్రస్ మధ్యలో ఎంత కుంగాలో మిల్లీమీటర్లలో ముందే డ్రాయింగ్ మీద రాయించండి. కొలత దాటితే పని ఆపే అధికారం ఎవరిదో కూడా అక్కడే రాయించండి.

ఇంకొక చిన్న విషయం: 80 మీటర్ల ఉక్కు, ఉష్ణోగ్రతలో 40 డిగ్రీల తేడా వస్తే 38 మిల్లీమీటర్లు సాగుతుంది. ట్రస్‌కు ఒక చివర జారే బేరింగ్ (ట్రస్‌ను మోస్తూనే దాన్ని కదలనిచ్చే ఆధారం) పెట్టి, గోడకూ కప్పుకూ మధ్య అతుకును ఆ కదలికకు తగినట్టు గీయండి.