22 నెలల బాబుతో డాలస్ ప్రయాణం, అక్కడ చెల్లె డెలివరీ

ప్రశ్న, హన్మకొండ నుంచి: వచ్చే నెల డాలస్‌లో మా చెల్లె డెలివరీ. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకే మావాడిని తీసుకుని నేనే పోతున్నా, మూడు నెలలుండి వస్తాం. వాడు ఒళ్లో కూర్చుంటే టికెట్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా? సకినాలు పట్టుకుపోనిస్తారా? అసలు టెన్షన్ వేరే, నేను ఇంకో బిడ్డను ఎత్తుకుంటే వీడు ఇల్లు పీకి పందిరేస్తాడు.

జవాబు: అక్కా, ఒళ్లో పిల్లలకూ టికెట్ ఉంటుంది, బయటి దేశాలకు మామూలుగా పెద్దల ఛార్జీలో 10 శాతం. కానీ తిరిగొచ్చేసరికి వాడికి రెండేళ్లు నిండుతాయి కదా, రిటర్న్‌కు సీటు కొనాల్సిందే. మేమది చూసుకోక చివర్లో డబ్బులు బాగానే వదిలించుకున్నాం.

జవాబు: సకినాలకు ఇబ్బంది లేదు, అక్కడ దిగాక కస్టమ్స్ వాళ్లకు తినేవి ఉన్నాయని చెప్పండి. మటన్ పచ్చడి మాత్రం వద్దు. బాబు పాలకు 100 మి.లీ. నియమం వర్తించదు, సెక్యూరిటీ దగ్గర ముందే తీసి చూపించండి. పసిబిడ్డ దగ్గరికి పోతున్నారు కాబట్టి కోరింత దగ్గు టీకా గురించి డాక్టర్‌ను అడగండి, బయల్దేరే రెండు వారాల ముందే వేసుకుంటే మంచిది.

జవాబు: మావాడూ అంతే, మొదటి రోజు ఊయల పట్టుకుని "దింపు దింపు" అని ఒకటే ఏడుపు. డైపర్లు అందించే పని వాడికే అప్పజెప్పాం. తొట్టెల నాటికి బిడ్డను ముట్టుకుంటే మమ్మల్నే కొట్టేవాడు!

హన్మకొండ: రిటర్న్ సీటు సంగతి తట్టనే లేదు, ఇప్పుడే మా ఆయనకు చెప్తా.