భీమిలి తీరంలో సత్యభామ వేషానికి ఫ్లాష్‌తో పోర్ట్రెయిట్లు: సలహాలు కావాలి

తీరవాసి:
నమస్కారం. కూచిపూడి నేర్చిన మా మేనకోడలిని సత్యభామ వేషంలో, సముద్రం వెనుక కనిపించేలా భీమిలి తీరాన ఫొటోలు తీయాలనుకుంటున్నాను. నా వద్ద 200 వాట్ సెకన్ల బ్యాటరీ ఫ్లాష్, 90 సెంటీమీటర్ల ఆక్టాబాక్స్ (ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే ఎనిమిది మూలల గుడ్డ పెట్టె), 85 ఎంఎం లెన్సు ఉన్నాయి. ఉదయం మంచిదా, సాయంత్రమా? అపర్చరును (లెన్సు రంధ్రాన్ని) ఎఫ్/2.8 అంత పెద్దగా తెరిచి తీయడానికి హై స్పీడ్ సింక్ (ఫ్లాష్‌తో మామూలు హద్దును మించిన షట్టరు వేగం వాడే పద్ధతి) వాడాలా, ఎన్‌డీ ఫిల్టరా (లెన్సులోకి వెళ్ళే వెలుగును తగ్గించే నల్లద్దం)?

వెలుగునీడ:
ఉదయమేనండీ. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రం మీదుగానే పైకి వస్తాడు కనుక, కెమెరాను అటు తిప్పితే ఎండ నర్తకి వెనుక నుంచి వచ్చి జడ అంచులను మెరిపిస్తుంది, ముఖానికి కావలసిన వెలుగు ఫ్లాష్ ఇస్తుంది. సాయంత్రం అదే చోట ఎండ కళ్ళలో పడి అమ్మాయి కళ్ళు చికిలించుకోవలసి వస్తుంది.

ఇక రెండో ప్రశ్న. పూర్తి ఎండలో ఐఎస్ఓ 100, ఫ్లాష్‌తో మామూలుగా వాడగలిగే షట్టరు 1/200 సెకను వద్ద అపర్చరు సుమారు ఎఫ్/11 వస్తుంది; అక్కడి నుంచి ఎఫ్/2.8కు నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు), అంత అదనపు వెలుగును తగ్గించాలి. నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు ఫ్లాష్ వెలుగును కూడా తగ్గిస్తుంది గానీ, అంతే మేర తెరిచిన అపర్చరు దానిని తిరిగి ఇచ్చేస్తుంది కనుక నష్టం లేదు. హై స్పీడ్ సింక్‌లో షట్టరు తెరలు కదిలినంతసేపూ ఫ్లాష్ వరుసగా మిణుకుతూ ఉండాలి కాబట్టి దాని శక్తి బాగా పడిపోతుంది. 200 వాట్ సెకన్లతో నేనైతే ఫిల్టరే వాడతాను. సూర్యుడు పొడిచిన కొత్తలో ఎండ పలచగా ఉంటుంది, అప్పుడు రెండూ అక్కరలేకపోవచ్చు.

గజ్జెలసవ్వడి:
నేను నృత్యం నేర్పుతాను, ఆ వైపు నుంచి చెబుతున్నాను. సత్యభామ అంటే జడే. ఎదురుగా నిలబెట్టి తీస్తే అది వీపు వెనుక ఉండిపోతుంది కనుక, జడను భుజం మీదుగా ముందుకు తెచ్చి చేత్తో పట్టుకున్న భంగిమ తప్పక తీయండి. అరమండిలో (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో) ఉంటేనే ముందు కుచ్చిళ్ళు విసనకర్రలా విచ్చుకుంటాయి. నిలువుగా నిలబడితే ముడుచుకుపోతాయి. పారాణి తడి ఇసుకలో చెరిగిపోతుంది, పాదాల ఫొటోలు ముందే ముగించండి. గజ్జెలతో ఇసుకలోకి దిగడానికి కొందరు గురువులు ఒప్పుకోరు, వారి అనుమతి అడగండి. మేకప్పు, నగలు, జడ పూర్తి కావడానికి గంటలు పడుతుంది కాబట్టి సూర్యోదయం నుంచి వెనక్కి లెక్కవేసుకుని మొదలుపెట్టాలి. ఆమె వచ్చేలోగా వేరొకరిని నిలబెట్టి లైటు సరిచూసుకుంటే వేషం వేసుకున్న పిల్లను ఎండలో నిలబెట్టనక్కరలేదు.

ఉప్పుగాలి:
గాలి సంగతి ఎవరూ చెప్పలేదు. తీరంలో ఆక్టాబాక్సును స్టాండుకు వదిలేస్తే పడిపోతుంది. ఖాళీ సంచులు తీసుకెళ్ళి అక్కడి ఇసుకతోనే నింపి స్టాండు కాళ్ళపై వేయండి, ఒక మనిషి దానిని పట్టుకునే ఉండాలి. వేషంలోని రాళ్ళ నగలకు వట్టి ఫ్లాష్ ఎదురుగా కొడితే రాయి రాయికీ తెల్లచుక్క పడుతుంది కనుక ఆక్టాబాక్సు మానకండి, దానిని కొంచెం పక్కకు, వీలైనంత దగ్గరగా పెట్టండి. మీటరు దూరం రెండు మీటర్లయితే వెలుగు దాదాపు నాలుగో వంతే మిగులుతుంది. నిలువెత్తు ఫొటోలకు లైటును వెనక్కి జరపవలసి వస్తుంది కాబట్టి వాటిని ఎండ ముదరకముందే తీసేసి, ముఖం ఫొటోలను తరువాతకు ఉంచుకోండి.

తీరవాసి:
అందరికీ ధన్యవాదాలు. గురువుగారిని గజ్జెల విషయం అడుగుతాను. తొలి ఎండ పసుపుగా ఉంటే ఫ్లాష్ వెలుగు నీలంగా తేలిపోదా?

వెలుగునీడ:
తేలుతుంది. ఫ్లాష్ ముందు సగం సీటీఓ నారింజ జెల్ (వెలుగును ఎండలా పసుపుగా మార్చే రంగు పలుచటి షీటు, సగం గాఢతది) తగిలించండి, ఎండ తెల్లబడగానే తీసేయండి. జెల్ కూడా కొంత వెలుగును మింగుతుంది, ఆ మేరకు శక్తి పెంచుకోండి.