పెన్‌డ్రైవ్ వదలని ఆఫీసుకి గిట్ అలవాటు చేయడం ఎలా?

భీమవరంలో మాది పదకొండు మంది ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అండి, రొయ్యల మేత షాపులకీ రైస్ మిల్లులకీ బిల్లింగ్ ప్రోగ్రాం చేస్తాం. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్ వచ్చింది 2005లో. మా దగ్గర ఇప్పటికీ కోడ్‌ని జిప్ చేసి, పేరు పక్కన తేదీ వేసి, పెన్‌డ్రైవ్‌లో తిప్పుకోవడమే. పోయిన నెల కొత్త ఫోల్డర్ మీద పాతది పడి ఒక మిల్లు జీఎస్టీ మార్పులన్నీ పోయాయి, రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ రాశాం.

అయినా మా సీనియర్ గారు "ఇన్నేళ్ళూ నడిచింది కదా" అంటారు. ఆయన్ని తప్పుపట్టలేను, తణుకు నుంచి ఫోనొస్తే ఏ ఫైల్లో ఏ లైనో చూడకుండా చెప్పేది ఆయనొక్కరే, ఆ పట్టు పోతుందనే భయం తప్ప గిట్ మీద కోపమేం కాదనుకుంటా. ఓనరు గారేమో మీరూ మీరూ తేల్చుకోండని చెరువుల మీదకి వెళ్ళిపోతారు (సాగు సీజన్ లెండి).

తోసే బలం పెంచడం కన్నా ఆపే బలం తగ్గించడం మేలని మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1940లలోనే చెప్పాడు. అందుకే కొత్తగా చేస్తున్న వాట్సాప్ బిల్లు ముక్క ఒక్కటే గిట్‌లో పెట్టి, మెర్జ్ చేసే (అందరి మార్పులూ అసలు కోడ్‌లో కలిపే) పెత్తనం సీనియర్ గారికే ఇద్దామనుకుంటున్నా. ఇలా చేసి చూసినవాళ్ళున్నారా? కమాండ్లతో మొదలుపెట్టాలా, మౌస్‌తో నొక్కి వాడుకునే టార్టాయిస్‌గిట్ లాంటిది సరిపోతుందా?