అప్‌డేట్: సీఆర్‌పీ జీన్ రిపోర్ట్ గురించి డాక్టర్ ఏమన్నారంటే

మా నాన్నగారికి నలభైల్లోనే గుండెపోటు వచ్చిందనీ, నా జీన్ టెస్టులో సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్) ఎక్కువ చేసే మార్పు ఉందని వచ్చిందనీ, నాకూ ముప్పేనా అనీ అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. కార్డియాలజిస్టును కలిశాను.

ఆ మార్పు వల్ల టెన్షన్ పడక్కర్లేదన్నారు. పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువగా ఉండేవాళ్లకు ఆ కారణంగా గుండె జబ్బు పెరగలేదని 2011లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలిందట. సీఆర్‌పీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందని చెప్పే గుర్తు మాత్రమే, రక్తనాళాలను పాడు చేసేది అది కాదు.

సీఆర్‌పీని తయారుచేయమని కాలేయానికి సంకేతమిచ్చే ఐఎల్-6 అనే ప్రోటీన్ సంగతి వేరు. దాని రిసెప్టర్ (ఆ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) జీన్‌లో ఒక మార్పు ఉన్నవాళ్లకు సీఆర్‌పీ తగ్గడమే కాదు, గుండె జబ్బు ముప్పు కూడా ఆ మార్పున్న ఒక్కో జీన్ కాపీకి 3.4 శాతం తక్కువని 2012లో తేలింది. ఇంత చిన్న తేడాతో ఒక మనిషి భవిష్యత్తు చెప్పలేం, కానీ మందు ఎక్కడ పనిచేయాలో తెలుస్తుంది. ఐఎల్-6కు పై మెట్టులో ఉండే ఐఎల్-1 బీటాను అడ్డుకునే కెనకినుమాబ్ అనే మందుపై 2017లో వచ్చిన ట్రయల్‌లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గకుండానే గుండెపోట్ల వంటివి 15 శాతం తగ్గాయి. ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరిగాయి.

ఈ వివరాలేవీ లేకుండా జీన్ టెస్ట్ రిపోర్టులో 'హై రిస్క్' అని ఎర్ర అక్షరాల్లో రాసి పంపడం నాకు అన్యాయంగా అనిపించింది.

డాక్టర్ పట్టించుకున్నది నాన్నగారి చరిత్రనే. ఎల్‌డీఎల్, లైపోప్రోటీన్-ఎ (ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్ కణం), షుగర్, బీపీ చూడమన్నారు. తమ్ముడికి కూడా చేయిస్తున్నాం. రిపోర్టులు రాగానే ఇక్కడే రాస్తాను.