రైస్ మిల్లుకు 100 కిలోవాట్ల సోలార్ పెట్టొచ్చా? పొలం బోరుకు కూడా?

హుజూరాబాద్ మిల్లు:

అందరికీ నమస్కారం. హుజూరాబాద్ దగ్గర మాది పచ్చి బియ్యం మిల్లు. హెచ్‌టీ (పెద్ద లోడుకు ఇచ్చే హై టెన్షన్) కనెక్షన్, 150 కేవీఏ. వానాకాలం వడ్లు వచ్చినప్పుడు, మళ్లీ యాసంగి వడ్లప్పుడు రాత్రింబవళ్లు నడుస్తుంది. సీజన్ అయిపోతే నెలల తరబడి ఖాళీ. యూనిట్‌కు 7 రూపాయల 65 పైసలు పడుతోంది. ఒక డీలర్ వచ్చి షెడ్డు మీద 100 కిలోవాట్లు వేస్తే 46 లక్షలవుతుందని, నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని, సబ్సిడీ కూడా ఇప్పిస్తానని అంటున్నాడు. ఊళ్లో నాన్నకు ఐదెకరాలు, ఒక బోరు ఉన్నాయి. దానికీ సోలార్ మోటారు పెట్టమంటున్నాడు. బ్యాంకు అప్పు చేయాలి, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి అన్నా.

ఎనుమాముల కోల్డ్ స్టోరేజీ:

తమ్మీ, నేను ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో కరెంటు పని చూస్తాను. మా షెడ్ల మీద సోలార్ ఉంది, రీడింగులు నేనే రాస్తాను. కాబట్టి లెక్కతోనే చెబుతా.

మన దగ్గర ఒక కిలోవాట్ ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తుంది. వందకు 1,40,000. అన్నీ మీ మిల్లులోనే ఖర్చయితే ఏడాదికి 10 లక్షల 70 వేలు మిగులుతుంది, డీలర్ చెప్పిన నాలుగేళ్ల మాట అప్పుడు దాదాపు నిజం. మా స్టోరేజీకి ఆ లెక్క కుదురుతుంది. ఎండ ముదిరే కొద్దీ కంప్రెసర్లు ఎక్కువసేపు తిరుగుతాయి, ప్యానెళ్లు ఇచ్చేదంతా అక్కడే అయిపోతుంది. మీ మిల్లు ఆగిన నెలల్లో యూనిట్లన్నీ లైన్‌లోకి పోతాయి. నెట్ మీటర్‌లో (లైన్‌లోకి పంపినవి, లైన్ నుంచి వాడినవి రెండూ లెక్కపెట్టే మీటర్) కొంతకాలం జమ ఉంటాయి. గడువు తీరాక మిగిలినవాటికి ఇచ్చే ధర మీరు కట్టే ధరకు చాలా తక్కువ. సగం యూనిట్లు అట్లా పోయాయనుకోండి, నాలుగేళ్లు కాస్తా ఆరేళ్లు దాటుతుంది. రాత్రి షిఫ్టు ఎంత నడిపినా సోలార్ అప్పుడు ఏమీ ఇవ్వదు.

డిమాండ్ ఛార్జీ, అంటే యూనిట్లతో సంబంధం లేకుండా లోడుకు కట్టేది, అది కూడా తగ్గదు. మిల్లు బంద్ ఉన్న నెలలో కూడా కాంట్రాక్ట్ డిమాండ్‌లో (కనెక్షన్‌కు రాయించుకున్న లోడు) 80 శాతానికి, అంటే 120 కేవీఏకి కట్టాల్సిందే. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి 'మీకు యూనిట్ పది రూపాయలు పడుతోంది' అని చూపించే కొటేషన్లు నేను చూశాను. అది తప్పు లెక్క. యూనిట్ ఛార్జీ ఒక్కటే తగ్గేది.

డీలర్లు ఎత్తని మాట ఇంకొకటుంది, దీని మీద బాగా దృష్టి పెట్టండి. మీది హెచ్‌టీ కాబట్టి బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే పనికొచ్చిన కరెంటు ఒక్కటే కాక లైన్ నుంచి లాగిన మొత్తం మీద వేస్తారు. మీ మోటార్లు 100 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే కిలోవాట్ల వంతు) 0.9 అనుకుందాం. లైన్ నుంచి 111 కేవీఏ లాగుతున్నారు. సోలార్ 60 కిలోవాట్లు ఇస్తే లైన్ మీద 40 మిగలాలి కదా? మీటర్ మాత్రం 63 కేవీఏ చూపిస్తుంది. మోటార్లలో అయస్కాంత శక్తి పుట్టడానికి కావలసిన రియాక్టివ్ పవర్ అంతా లైన్ నుంచే వస్తుంది, పవర్ ఫ్యాక్టర్ 0.64కి పడిపోతుంది. 60 తగ్గాల్సిన చోట 48 తగ్గింది. కెపాసిటర్ ప్యానెల్ సరిచేయించండి, లేదా రియాక్టివ్ పవర్ కూడా ఇచ్చేలా ఇన్వర్టర్‌ను సెట్ చేయించండి. ఇది కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

సబ్సిడీ అంటున్నాడంటే అతని మిగతా మాటలు కూడా సరిచూసుకోండి. 78 వేల వరకు ఇచ్చే పీఎం సూర్యఘర్ ఇళ్లకే, మిల్లులకు రాదు. మీకు వచ్చేది ఆదాయపు పన్నులో 40 శాతం తరుగుదల (సామాను విలువ తగ్గినట్టు ఖర్చు కింద చూపించుకోవడం). జీఎస్టీ కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్యానెళ్ల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పనితో కలిపి మొత్తం మీద 8.9 శాతం పడాలి. కొటేషన్‌లో 13.8 ఉంటే పాతది, మార్పించండి.

నా మాట వింటే 50 కిలోవాట్లతో మొదలుపెట్టండి. కేబుల్, ప్యానెల్ బోర్డు మాత్రం వందకు సరిపడా వేయించుకోండి.

తాడ్వాయి రైతు:

పొలం సంగతి నేను చెబుతా. 2018 జనవరి 1 నుంచి మన దగ్గర వ్యవసాయానికి 24 గంటలూ ఉచిత కరెంటే. మీ నాన్నగారి బోరుకు బిల్లే లేనప్పుడు సోలార్ మోటారు ఏం మిగులుస్తుంది? 5 హెచ్‌పీకి దాదాపు 4,800 వాట్ల ప్యానెళ్లు కావాలి. మబ్బు పట్టిన రోజు నీళ్లు సన్నగా పోస్తుంది.

మా వైపు వేరు. అడవి అంచు పట్టా భూములకు లైనే రాలేదు. అక్కడ డీజిల్ ఇంజన్‌తో పోలిస్తే సోలార్ పంపు నిజంగా బతికిస్తుంది. 2025 మేలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం అటువంటి గిరిజన రైతుల కోసమే. లైన్ ఉన్నచోట అప్పు చేసి పెట్టకండి.

హుజూరాబాద్ మిల్లు:

చాలా థాంక్స్ అన్నా. ఇంకో రెండు డౌట్లు. కరెంటు పోయినప్పుడు సోలార్ మీద మిల్లు నడుస్తుందా? మా దగ్గర జనరేటర్ ఉంది. పక్కన డ్రయర్ పొగగొట్టం కూడా ఉంది, ఊక బూడిద రేకుల మీద పడుతూనే ఉంటుంది.

ఎనుమాముల కోల్డ్ స్టోరేజీ:

నడవదు. లైన్ పోగానే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. లేకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. జనరేటర్‌తో కలిపి నడపాలంటే మధ్యలో కంట్రోలర్ ఉండాలి. అది లేకుండా కలిపితే సోలార్ ఎక్కువై జనరేటర్‌లోకి వెనక్కి తోస్తుంది, అది పాడవుతుంది.

బూడిద విషయం తేలిగ్గా తీసుకోకండి. గాలి ఎటు వీస్తుందో చూసి, పొగగొట్టం బూడిద గాలికి కొట్టుకురాని వాలు మీదే ప్యానెళ్లు పెట్టించండి. సీజన్‌లో తెల్లవారకముందే కడిగించాలి, ఎండకు కాగిన అద్దం మీద నీళ్లు కొట్టొద్దు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే తెల్లటి మరకలు పట్టి మళ్లీ వెలుతురు తగ్గుతుంది, మెత్తటి నీళ్లు వాడండి. మే నెలలో ఉత్పత్తి కాస్త తగ్గితే కంగారు పడొద్దు. ప్యానెల్ రేటింగ్ 25 డిగ్రీలకు ఇస్తారు, మన ఎండకు ప్యానెల్ 65 డిగ్రీలకు ఎక్కితే 14 శాతం దాకా పోతుంది. కేబుళ్లన్నీ పైపుల్లో వేయించండి, మన దగ్గర కోతులు బయట కనిపించిన ఏ వైరునూ వదలవు.

గత పన్నెండు నెలల బిల్లులు, నెలవారీగా పగలెంత రాత్రెంత వాడారో రాసి ఇక్కడ పెట్టండి. 50 చాలా, 60 కావాలా అని చూసి చెబుతా.